సిసిలీ కోసం మూడు వందల ఏళ్లు: కిరాయి సైన్యాలు నడిపిన యుద్ధం

సిసిలీ దీవి కోసం గ్రీకులు, ఉత్తర ఆఫ్రికా తీరంలోని కార్తేజ్ నగరం వాళ్లు దాదాపు మూడు వందల ఏళ్లు విడతలు విడతలుగా కొట్టుకున్నారు. క్రీ.పూ. 580 ప్రాంతంలో రాజుకున్న గొడవ క్రీ.పూ. 276లో గ్రీకు రాజు పిర్రస్ దీవి వదిలి వెళ్లేదాకా సాగింది. ఈ మధ్యలో మహానగరాలు నేలమట్టమయ్యాయి, వేలాదిమంది బానిసలుగా అమ్ముడుపోయారు, రెండు పక్షాల ఖజానాలూ ఎన్నోసార్లు అడుగంటాయి. అయినా దీవి మొత్తం ఒక్క రోజు కూడా ఇద్దరిలో ఎవరి చేతికీ రాలేదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు చివరికి రోమ్ వచ్చి పట్టుకుపోయింది.

ఇంతకాలం తేలకుండా ఎందుకు సాగింది? "రెండు నాగరికతల పోరాటం" అనేది పాత జవాబు. గ్రీకు రచయితలకు అది ఇష్టమైన జవాబు కూడా. ఈ యుద్ధాల గురించి మిగిలినదంతా దాదాపు వాళ్లు రాసిందే. క్రీ.పూ. 146లో రోమన్లు కార్తేజ్‌ను ధ్వంసం చేశాక ఆ నగరం తన గురించి తాను చెప్పుకున్న కథ ఏదీ మనదాకా రాలేదు. మనకున్న వివరాల్లో సింహభాగం డయోడోరస్ రాసినవి. ఆయన సిసిలీలోనే పుట్టిన గ్రీకు, అదీ ఈ సంఘటనలు జరిగిన కొన్ని శతాబ్దాల తర్వాత. అందుకే ఆయన చెప్పే సైన్యాల లెక్కల్లో సగానికి సగం తీసేసి చదువుకోవాలి. కానీ అదే డయోడోరస్‌ని ఓపిగ్గా చదివితే, నాగరికతల పోరాటం అనే మాటకు పొసగని విషయం ఒకటి పదే పదే కనిపిస్తుంది. ఎవరు ఎవరికి జీతం ఇచ్చారు, ఎవరు బకాయి పెట్టారు, జీతం అందని సైనికులు ఎటు వెళ్లారు అనే సంగతి. ఈ మూడు శతాబ్దాల చరిత్ర అర్థం కావాలంటే ఆ లెక్కను పట్టుకోవడమే మంచి దారి.

ముందు నేల గురించి కొంచెం. సుమారు 25 వేల చదరపు కిలోమీటర్ల సిసిలీ మధ్యధరా సముద్రంలో అన్నిటికన్నా పెద్ద దీవి. తూర్పు కొసన ఇటలీకి, దీనికి మధ్య మూడు కిలోమీటర్ల జలసంధి. పశ్చిమ కొస నుంచి ఆఫ్రికా తీరం నూటయాభై కిలోమీటర్ల లోపే. గోధుమ బాగా పండే నేల. గ్రీకులు క్రీ.పూ. 734 నుంచి తూర్పు తీరంలో దిగడం మొదలుపెట్టారు. ముందు నాక్సోస్, మరుసటి ఏడాది కొరింత్ వాళ్లు స్థాపించిన సిరక్యూజ్, తర్వాత లియొంతీని, కటానా, గెలా వెలిశాయి. ఉత్తర తీరాన హిమెరా, దక్షిణాన సెలినుస్, క్రీ.పూ. 580 ప్రాంతంలో అక్రగాస్ వచ్చాయి. పశ్చిమ మూల మాత్రం తూర్పు మధ్యధరా తీరం నుంచి వచ్చిన ఓడ వర్తకులు ఫినీషియన్లది. కార్తేజ్ కూడా వాళ్లు కట్టిన ఊరే. మోత్యా, పనోర్మస్ (నేటి పలెర్మో), సోలుస్ వాళ్ల రేవులు. వీళ్లందరికంటే ముందునుంచీ దీవిలో ఉన్న సికెల్, సికన్, ఎలిమియన్ జాతులు ఈ ఇద్దరి మధ్య నలిగిపోతూ, ఒక్కోసారి ఇద్దరినీ ఆడిస్తూ బతికాయి. ఎలిమియన్ల ముఖ్య నగరం సెగెస్టా. ఆ పేరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే చాలా యుద్ధాలకు నిప్పు పెట్టింది అదే.

కార్తేజ్‌కి మొదట్లో దీవి మొత్తం మీద ఆశ ఉన్నట్టు కనిపించదు. దానికి కావలసింది పశ్చిమ రేవులు. అక్కడినుంచే సార్డీనియాకి, స్పెయిన్ లోహాలకి ఓడలు తిరిగేవి. ఆ రేవుల పక్కన గ్రీకులు ఊరు కట్టబోయినప్పుడల్లా గొడవైంది. క్రీ.పూ. 580 ప్రాంతంలో క్నిడోస్ నుంచి వచ్చిన పెంటాథ్లోస్ పశ్చిమ కొసన స్థిరపడబోయి, ఫినీషియన్లు, ఎలిమియన్ల చేతిలో చచ్చిపోయాడు. క్రీ.పూ. 510 ప్రాంతంలో స్పార్టా రాజకుమారుడు డోరియస్ కూడా ఎరిక్స్ దగ్గర అదే ప్రయత్నం చేసి అలాగే పోయాడు. అప్పటిదాకా ఇవి సరిహద్దు తగాదాలే.

హిమెరా, క్రీ.పూ. 480

పెద్ద యుద్ధం వచ్చింది గ్రీకుల ఇంటి గొడవ వల్ల. అక్రగాస్ నియంత థెరోన్, హిమెరా నియంత టెరిల్లస్‌ని తరిమేశాడు. టెరిల్లస్ తన అతిథి మిత్రుడైన కార్తేజ్ సేనాని హామిల్కార్ దగ్గరికి పరుగెత్తాడు. టెరిల్లస్ అల్లుడు, రేగియం నియంత అనక్సిలాస్ తన సొంత పిల్లల్ని హామిల్కార్ దగ్గర తాకట్టు పెట్టి మరీ రమ్మని పిలిచాడు. గ్రీకు మామ, గ్రీకు అల్లుడు కలిసి ఇంకో గ్రీకు మీదికి కార్తేజ్‌ని తెచ్చారన్నమాట. పైగా ఆ హామిల్కార్ తల్లి సిరక్యూజ్ ఆడపడుచు అని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. జాతివైరం కథ ఇక్కడే సగం చతికిలపడుతుంది.

థెరోన్‌కి తోడుగా సిరక్యూజ్ నియంత గెలోన్ వచ్చాడు. ఇతను అసలు గెలా వాడు. క్రీ.పూ. 485లో సిరక్యూజ్‌ని చేజిక్కించుకుని, గెలా జనంలో సగాన్ని, కమరీనా జనాన్ని అక్కడికి తరలించాడు. మెగారా అనే ఊరిని లొంగదీసుకుని డబ్బున్నవాళ్లకి సిరక్యూజ్ పౌరసత్వమిచ్చి, బీదవాళ్లని బానిసలుగా అమ్మేశాడు. పది వేల మందికి పైగా కిరాయి సైనికులకి కూడా పౌరసత్వమిచ్చాడు. హిమెరా దగ్గర గెలిచింది ఆ సైన్యం. డయోడోరస్ చెప్పిన ప్రకారం హామిల్కార్ సెలినుస్ నుంచి రావలసిన గుర్రపు దళం కోసం ఎదురు చూస్తున్నాడు. ఆ సంగతి రాసిన ఉత్తరం గెలోన్ మనుషుల చేతికి చిక్కింది. గెలోన్ తన రౌతుల్నే సెలినుస్ వాళ్లన్నట్టు శిబిరంలోకి పంపాడు. వాళ్లు హామిల్కార్‌ని చంపి ఓడలకి నిప్పు పెట్టారు. హెరొడోటస్ కథ వేరు: ఓటమి చూసి హామిల్కార్ తాను హోమం చేస్తున్న మంటలోనే దూకాడంటాడు. గ్రీసులో సలామిస్ యుద్ధం గెలిచిన రోజే ఇదీ గెలిచారని కూడా రాశాడు. మరీ అతికినట్టున్న ముహూర్తం, నమ్మాల్సిన పనిలేదు.

ఇక్కడ మట్టిలోంచి వచ్చిన సాక్ష్యం పుస్తకాలకన్నా విలువైనది. ఈ శతాబ్దంలో రైలు మార్గం పనుల కోసం హిమెరా పాత శ్మశానాన్ని తవ్వినప్పుడు వేల సమాధులు బయటపడ్డాయి. వాటిలో కొన్ని సామూహిక సమాధులు: వరసగా పడుకోబెట్టిన యువకులు, ఎముకల్లో ఈటె మొనలు. 480 నాటివి కొన్ని, 409 నాటి రెండో యుద్ధానివి కొన్ని. 2021లో, 2022లో వెలువడ్డ పరిశోధనలు ఆ ఎముకల్లోని రసాయన మూలకాల్ని, డీఎన్‌ఏని పరీక్షించాయి. 480లో పడిపోయినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఆ ప్రాంతంలో పెరిగినవాళ్లు కారు. కొందరి మూలాలు ఉత్తర యూరప్‌లో, కాకసస్‌లో, యురేషియా గడ్డిమైదానాల్లో తేలాయి. 409లో చనిపోయినవాళ్లలో బయటివాళ్లు నాలుగో వంతే. హెరొడోటస్ హామిల్కార్ సైన్యంలో లిబియన్లు, ఐబీరియన్లు, లిగురియన్లు, సార్డీనియన్లు ఉన్నారని జాబితా రాశాడు. గ్రీకుల పక్షంలో అలాంటివాళ్లు ఉన్నట్టు ఒక్క మాట లేదు. కానీ గెలిచినవాళ్ల సమాధులే సాక్ష్యం చెబుతున్నాయి: "గ్రీకు విజయం" కోసం ప్రాణాలిచ్చిన వాళ్లలో చాలామంది గ్రీకులే కారు.

గెలిచాక గెలోన్ కార్తేజ్ నుంచి అడిగింది 2,000 టాలెంట్ల వెండి. టాలెంట్ అంటే సుమారు 26 కిలోలు. భూమి అడగలేదు, పశ్చిమ రేవుల జోలికి పోలేదు. అక్రగాస్‌లో ఒక్కొక్క ఆసామి దగ్గర ఐదేసి వందల మంది బందీలు ఉండేవారట. ఇప్పుడు పర్యాటకులు చూసే అక్రగాస్ ఆలయాల వెనక ఆ వెట్టిచాకిరి ఉంది. ఆ తర్వాత డెబ్భై ఏళ్లు కార్తేజ్ సైన్యం దీవిలో అడుగు పెట్టలేదు. ఈలోగా గెలోన్ వంశం కూలిపోయింది. అతను పౌరసత్వమిచ్చిన కిరాయి సైనికుల్లో మిగిలిన ఏడు వేల మందికీ, సిరక్యూజ్ పాత పౌరులకీ మధ్య అంతర్యుద్ధం నడిచింది. చివరికి ఆ సైనికుల్ని తీసుకెళ్లి మెస్సానా (నేటి మెస్సీనా) ప్రాంతంలో పెట్టారు. ఎక్కడా ఇమడని సైనికులను మెస్సానా వైపు తోలేయడం సిసిలీలో అప్పటినుంచే ఉంది.

కంపానియా నుంచి వచ్చిన ఎనిమిది వందల మంది

రెండో విడత సెగెస్టా, సెలినుస్ మధ్య పొలం గట్టు తగాదాతో మొదలైంది. సెగెస్టా ముందు ఏథెన్స్‌ని పిలిచింది. ఏథెన్స్ వచ్చి, 413లో సిరక్యూజ్ ముందు సర్వనాశనమైంది. సెగెస్టా ఈసారి కార్తేజ్ తలుపు తట్టింది. అక్కడ పెత్తనంలో ఉన్నది హామిల్కార్ మనవడు హానిబాల్. (రెండు శతాబ్దాల తర్వాత ఏనుగులతో ఆల్ప్స్ దాటిన హానిబాల్ వేరు. కార్తేజ్‌లో పేర్లకి కరువు. పదిమంది సేనానులకి నాలుగైదు పేర్లే తిరుగుతుంటాయి.) తాత ఓటమి వల్ల దేశ బహిష్కారం పడిన ఇతని తండ్రి తలదాచుకున్న ఊరు సెలినుస్. కొడుకు మొట్టమొదట కూల్చింది ఆ ఊరినే.

హానిబాల్ ముందుగా సెగెస్టాకి పంపిన దళంలో ఐదు వేల మంది లిబియన్లు, ఎనిమిది వందల మంది కంపానియన్లు ఉన్నారు. దక్షిణ ఇటలీ నుంచి వచ్చిన ఈ కంపానియన్ల దారి వెంట కాస్త నడవాలి. వీళ్లని నిజానికి తెప్పించింది గ్రీకులే, సిరక్యూజ్ మీద ఏథెన్స్‌కి సాయం చేయడానికి. వచ్చేసరికి ఏథెన్స్ ఓడిపోయింది, జీతమిచ్చే నాథుడు లేడు. కార్తేజ్ వాళ్లకి గుర్రాలు కొనిచ్చి, మంచి జీతం ఇచ్చి పనిలో పెట్టుకుంది. 409లో సెలినుస్ తొమ్మిది రోజుల్లో పడిపోయింది. డయోడోరస్ లెక్కలో 16,000 మంది చచ్చారు, 5,000 మంది బందీలయ్యారు, 2,600 మంది అక్రగాస్‌కి పారిపోయారు. తర్వాత హిమెరా వంతు. సిరక్యూజ్ దళం సగం జనాన్ని ఓడల్లో ఎక్కించి వెళ్లిపోయింది. రెండో సగం కోసం ఓడలు తిరిగి వచ్చేలోపు గోడ కూలింది. తాత చనిపోయిన చోటే మూడు వేల మంది బందీల్ని హానిబాల్ చంపించాడు. హిమెరా మళ్లీ లేవలేదు.

ఇంత చేసిన కంపానియన్లు తమకి ముట్టాల్సింది ముట్టలేదని అలిగారు. 406లో కార్తేజ్ అక్రగాస్‌ని ముట్టడించేసరికి వాళ్లు అక్రగాస్ కొలువులో ఉన్నారు! ముట్టడి మధ్యలో ఆహారం అయిపోతుండగా పదిహేను టాలెంట్లు పుచ్చుకుని మళ్లీ కార్తేజ్ వైపు వెళ్లిపోయారు. శిబిరంలో అంటువ్యాధి లేచి హానిబాల్ చనిపోయినా, అతని సహచరుడు హిమిల్కో ముట్టడి వదల్లేదు. ఎనిమిది నెలలకి అక్రగాస్ ఖాళీ అయింది. అది మామూలు ఊరు కాదు. ఆలివ్‌లు, ద్రాక్ష సారా కార్తేజ్‌కే అమ్మి కోటీశ్వరులైన వాళ్ల నగరం. అక్కడ కడుతున్న జ్యూస్ మహాలయానికి పైకప్పు పడకుండానే ఆగిపోయింది. మరుసటి ఏడాది గెలా, కమరీనా కూడా పోయాయి.

కంపానియన్ల కథ ఇంకా అవలేదు. 404లో సిరక్యూజ్ జనం తమ కొత్త నియంత డయోనీసియస్ మీద తిరగబడ్డారు. చావా, పారిపోవడమా అనుకుంటున్న దశలో అతను కార్తేజ్ తన భూభాగంలో కాపలా పెట్టిన కంపానియన్లకే కబురు పంపాడు. అడిగినంత ఇస్తానన్నాడు. పన్నెండు వందల మంది రౌతులు వచ్చి తిరుగుబాటుని అణిచేశారు. పని అయ్యాక వాళ్లని ఊళ్లో ఉంచుకోవడం కొరివితో తల గోక్కోవడమేనని డయోనీసియస్‌కి తెలుసు. బహుమానాలిచ్చి పంపేశాడు. వాళ్లు పడమటికి వెళ్లి ఎంటెల్లా అనే ఊరి పెద్దలని బతిమాలి లోపలికి చేరారు. ఒక రాత్రి మగవాళ్లని చంపి, వాళ్ల భార్యల్ని పెళ్లి చేసుకుని ఊరిని సొంతం చేసుకున్నారు. ఐదారేళ్లలో ఏథెన్స్ తరఫు, కార్తేజ్ తరఫు, అక్రగాస్ తరఫు, సిరక్యూజ్ నియంత తరఫు: ఏ జెండా కిందా నిలవలేదు, ఏ జెండాకీ విశ్వాసంగా లేరు. ఇలాంటి సైన్యంతో ఎవరు మాత్రం ఒక దీవిని గెలిచి నిలుపుకోగలరు?

శత్రువు ఉంటేనే కుర్చీ

డయోనీసియస్ క్రీ.పూ. 405లో పైకి వచ్చింది కార్తేజ్ భయం మీదే. అక్రగాస్ పోయాక సేనాపతులు అమ్ముడుపోయారని సభలో ఆరోపించి, వాళ్లని దింపి, తానే సర్వసేనాని అయ్యాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఏలాడు. మొదటి పనిగా ఓటమిని ఒప్పుకుంటూ కార్తేజ్‌తో సంధి చేసుకున్నాడు. సిరక్యూజ్ తనకి మిగిలితే చాలు, గెలా, కమరీనా లాంటి గ్రీకు ఊళ్లు కార్తేజ్‌కి కప్పం కట్టుకోవచ్చు అన్నది దాని సారం.

ఆ తర్వాత అతను చేసిన సన్నాహం మాత్రం ఆ కాలానికి అపూర్వం. నగరం పైనున్న ఎపిపొలై పీఠభూమి ఉత్తర అంచున ఐదు కిలోమీటర్లకి పైగా గోడని అరవై వేల మందితో ఇరవై రోజుల్లో కట్టించాడని డయోడోరస్ రాశాడు. ఇటలీ, గ్రీసు నుంచే కాదు, కార్తేజ్ ఏలుబడిలోని ఊళ్ల నుంచి కూడా పనివాళ్లని ఎక్కువ కూలి ఆశ చూపి రప్పించాడు. బాణాల్ని యంత్రంతో విసిరే కాటపుల్ట్ అక్కడే, క్రీ.పూ. 399లో పుట్టిందంటారు. 397లో ఆ సరంజామాతో మోత్యా మీద పడ్డాడు. తీరానికి దగ్గర్లో లోతులేని నీళ్ల మధ్య ఉన్న చిన్న దీవి మోత్యా. ఊరివాళ్లు తీరానికున్న కట్టదారిని తెగ్గొట్టేశారు. డయోనీసియస్ సముద్రంలో కొత్త కట్ట పోయించి, ఆరంతస్తుల చక్రాల బురుజుల్ని గోడ దగ్గరికి తోయించాడు. గోడ పగిలాక కూడా ఇంటింటికీ, మేడ మేడకీ యుద్ధం జరిగింది. మోత్యా పక్షాన పోరాడిన గ్రీకుల్ని శిలువ వేయించాడు. అవును, అక్కడా గ్రీకులున్నారు. 1979లో ఆ దీవిలో బయటపడ్డ నిలువెత్తు పాలరాతి యువకుడి శిల్పం అచ్చమైన గ్రీకు పనితనం. దాన్ని ఒక ఫినీషియన్ ఊరు మోజుపడి తెచ్చుకుని పెట్టుకుంది.

మరుసటి ఏడాది హిమిల్కో పెద్ద సైన్యంతో వచ్చాడు. మోత్యాని తిరిగి పట్టుకున్నాడు, కానీ అక్కడ మళ్లీ ఊరు కట్టకుండా దగ్గర్లోని కొసన లిలిబేయం (నేటి మర్సాలా) కోటకి పునాది పడేలా చేశాడు. మెస్సానాని కూల్చి, సిరక్యూజ్‌ని నేల మీదా నీళ్ల మీదా చుట్టుముట్టాడు. శిబిరం పెట్టింది ఎండాకాలంలో, ఊరి పక్క చిత్తడి నేలలో. కాగల కార్యం గంధర్వులే తీర్చారన్నట్టు డయోనీసియస్ చేయలేని పని అంటువ్యాధి చేసింది. శవాలు పాతడానికి కూడా మనుషులు లేని స్థితి.

అప్పుడు జరిగిన బేరం ఈ మొత్తం చరిత్రకి తాళంచెవి లాంటిది. హిమిల్కో రహస్యంగా 300 టాలెంట్లు ఇచ్చాడు. డయోనీసియస్ పుచ్చుకుని, కార్తేజ్ పౌరులు మాత్రం రాత్రిపూట ఓడలెక్కి పోయేలా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మిగిలిన కిరాయి సైన్యం ఒడ్డునే ఉండిపోయింది. వాళ్లలో ఐబీరియన్లు ఆయుధాలు వదలకుండా బేరమాడి డయోనీసియస్ కొలువులోనే చేరారు, మిగతావాళ్లు బానిసలయ్యారు. పూర్తిగా నలిపేసే అవకాశం ఉండి కూడా ఎందుకు వదిలాడు? కార్తేజ్ భయం పోతే సిరక్యూజ్ జనం తీరిక దొరికి తమ స్వేచ్ఛ సంగతి ఆలోచిస్తారని అతని భయమని డయోడోరస్ రాశాడు. నియంతని ద్వేషించే రచయిత మాట కాబట్టి కొంత తగ్గించుకున్నా, తర్వాతి ముప్పై ఏళ్లలో డయోనీసియస్ నడవడి దానికి సరిగ్గా సరిపోతుంది. యుద్ధం, సంధి, మళ్లీ యుద్ధం. ఒకసారి కబాలా దగ్గర గొప్పగా గెలిచాడు, వెంటనే క్రోనియం దగ్గర చిత్తుగా ఓడాడు, వెయ్యి టాలెంట్లు చెల్లించాడు. సరిహద్దు హాలికస్ నది (నేటి ప్లాతాని) దగ్గర ఆగింది. కొంచెం అటూ ఇటూగా ఆ తర్వాత వందేళ్లు అక్కడే ఉంది. సైనికులకి ఇవ్వాల్సిన జీతాల కింద లియొంతీని ఊరినే పది వేల మందికి రాసిచ్చాడు. యుద్ధం ఆగితే ఆ మనుషుల్ని ఏం చేయాలో తెలియదు. నడిస్తే దోపిడి సొమ్ముతో గడిచిపోతుంది.

కార్తేజ్‌ది ఇంకో రకం చిక్కు. దాని సొంత పౌరులు తక్కువ, వాళ్లని పోగొట్టుకోవడం దానికి ఇష్టం లేదు. కాబట్టి జీతగాళ్ల మీదే ఆధారపడింది. కార్తేజ్ మొట్టమొదటి నాణేలు ముద్రించింది ఆఫ్రికాలో వ్యాపారం కోసం కాదు, సిసిలీలో సైనికుల జీతాల కోసం. కొన్నిటి మీద ప్యూనిక్ (కార్తేజ్ వాళ్ల) లిపిలో "శిబిరం వాళ్లది" అనే అర్థమొచ్చే మాటలుంటాయి. బొమ్మలు మాత్రం గ్రీకువి. సిరక్యూజ్ నాణేల మీది జలదేవత అరెథూసా ముఖాన్ని దాదాపు యథాతథంగా దించేశారు. గ్రీకు డబ్బుకి అలవాటుపడ్డ సైనికుడు నమ్మేది ఆ ముఖాన్నే. సిరక్యూజ్ ముట్టడిలో డిమీటర్ దేవత గుడిని దోచినందుకే రోగం వచ్చిందని భయపడి, కార్తేజ్ తన ఊళ్లోనే ఆ దేవతకి పూజలు మొదలుపెట్టింది, అక్కడ ఉంటున్న గ్రీకుల్నే సేవకి నియమించింది.

ఈల్‌ చేపల దగ్గర

డయోనీసియస్ పోయాక సిరక్యూజ్ వారసుల తగవులతో ఛిన్నాభిన్నమైంది. క్రీ.పూ. 344లో కొరింత్ నుంచి టిమోలియన్ పది ఓడలతో వచ్చాడు. అప్పటికి సిరక్యూజ్‌లో ఒక భాగం ఒకరి చేతిలో, ఇంకో భాగం కార్తేజ్ సాయం తెచ్చుకున్న హికెటాస్ చేతిలో ఉంది. తర్వాతి కాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన ఒక చిన్న ఘట్టం పది యుద్ధ వర్ణనల పెట్టు. రెండు పక్షాల్లోనూ గ్రీకు కిరాయి సైనికులే ఉన్నారు. పోరు లేని వేళల్లో వాళ్లు ఊరి పక్క చిత్తడి మడుగుల్లో కలిసి ఈల్‌ చేపలు పట్టుకుంటూ కబుర్లాడేవారు. తమ మధ్య పాత పగలేమీ లేవు, డబ్బు కోసం కొట్టుకుంటున్నారంతే. ఒకరోజు టిమోలియన్ పక్షం సైనికుడొకడు, ఇంత అందమైన గ్రీకు ఊరిని కార్తేజ్‌కి అప్పగించడానికి మీరు గ్రీకులై ఉండి సాయం చేస్తారా అని అవతలివాళ్లని నిలదీశాడు. ఆ మాట శిబిరమంతా పాకింది. కార్తేజ్ సేనాని మాగోకి టెన్షన్ పట్టుకుంది: తన జీతగాళ్లే తనని అమ్మేస్తారేమో! ఓడలన్నీ తీసుకుని ఆఫ్రికా వెళ్లిపోయాడు. కార్తేజ్ ముట్టడి అలా ముగిసింది.

క్రీ.పూ. 340 ప్రాంతంలో క్రిమిసస్ నది దగ్గర టిమోలియన్ గెలిచిన యుద్ధం కూడా ఈ కోణంలో ఆసక్తికరం. దారిలోనే జీతం బకాయిల మీద వెయ్యి మంది అతన్ని వదిలి వెనక్కి పోయారు. వడగళ్ల వాన కార్తేజ్ సైన్యం ముఖాన కొట్టింది, నది పొంగింది. ఈసారి చచ్చినవాళ్లలో మూడు వేల మంది కార్తేజ్ పౌరులే. ఒకే యుద్ధంలో అంతమంది సొంతవాళ్లు పోవడం అదివరకు ఎన్నడూ లేదంటాడు ప్లూటార్క్. అయినా సంధిలో సరిహద్దు మళ్లీ హాలికస్ నదే. టిమోలియన్ అధికారం వదులుకుని, ఖాళీ అయిన ఊళ్లకి గ్రీసు, ఇటలీల నుంచి జనాన్ని రప్పించాడు. ఈ కథలో ఊళ్లు నింపినవాడు దాదాపు ఇతనొక్కడే.

అగాథొక్లీస్ దానికి పూర్తి విరుద్ధం. కుమ్మరి కొడుకు, సైనికుడిగా ఎదిగి సిరక్యూజ్‌ని పట్టుకున్నాడు. 311లో ఓడి, ఊళ్లో చిక్కుకుపోయి, ఎవరూ ఊహించని పని చేశాడు. 310 ఆగస్టులో అరవై ఓడలతో దిగ్బంధం తప్పించుకుని ఆఫ్రికాకే దండెత్తాడు. ప్రయాణం మర్నాడు పట్టపగలు చీకటి పడింది. ఆ సూర్యగ్రహణాన్ని బట్టి ఖగోళ లెక్కలు ఆ తేదీని ఆగస్టు 15గా తేల్చాయి. దిగాక వెనుదిరిగే ఆలోచన రాకుండా ఓడల్ని తగలబెట్టించాడు. మూడేళ్లు కార్తేజ్ గుమ్మం ముందు చెలరేగాడు, నగరాన్ని మాత్రం పట్టలేకపోయాడు. జీతాల కోసం సైన్యం అతని మీదే ఎదురుతిరిగింది. 307లో సైన్యాన్ని, సొంత కొడుకుల్ని వదిలేసి పారిపోయాడు. సైనికులు ఆ కొడుకుల్ని చంపేసి కార్తేజ్‌తో ఒప్పందం చేసుకున్నారు: 300 టాలెంట్లు, కొలువులో చేరినవాళ్లకి నెలనెలా జీతం, మిగతావాళ్లకి సిసిలీలోని సోలుస్‌లో నివాసం. సంధిలో సరిహద్దు మళ్లీ పాతదే.

278లో వచ్చిన పిర్రస్ ఒక్కడే దీవి మొత్తానికి చేరువయ్యాడు. ఎరిక్స్ కోటని ఎక్కాడు, లిలిబేయం తప్ప కార్తేజ్‌కి ఏమీ మిగల్చలేదు. ఆ ఒక్కటి రెండు నెలల ముట్టడికీ లొంగలేదు. సముద్రం వైపు కార్తేజ్ ఓడలు తిరుగుతున్నంతకాలం దాన్ని ఆకలితో లొంగదీయడం కుదరదు. కార్తేజ్‌కి సిరక్యూజ్ ఎలాగో, గ్రీకులకి లిలిబేయం అలాగ. ఆఫ్రికా దండయాత్రకి ఓడలూ మనుషులూ ఇమ్మని పిర్రస్ గ్రీకు ఊళ్లని పీడించాడు. పిలిచినవాళ్లే అతన్ని వదిలించుకున్నారు. 276లో వెళ్లిపోయాడు.

దీవిని రోమ్ చేతిలో పెట్టింది మాత్రం రాజులెవరూ కారు. 289లో అగాథొక్లీస్ చనిపోయాక అతని కంపానియన్ సైనికులకి ఇళ్లకి పొమ్మన్నారు. వాళ్లు దారిలో మెస్సానాలో అతిథులుగా దిగి, మగవాళ్లని చంపి, ఆడవాళ్లని, ఇళ్లని పంచుకున్నారు. ఎంటెల్లాలో నూటపదిహేనేళ్ల కింద జరిగిందే, మనుషులే వేరు. మామెర్టైన్లు అని పేరు పెట్టుకుని చుట్టుపక్కల దోచుకుంటుంటే సిరక్యూజ్ కొత్త పాలకుడు హైరాన్ వాళ్లని చావుదెబ్బ కొట్టాడు. వాళ్లలో కొందరు కార్తేజ్‌ని పిలిచారు, కొందరు రోమ్‌ని. 264లో రెండూ వచ్చాయి. ఇరవై మూడేళ్ల యుద్ధం తర్వాత 241లో కార్తేజ్ దీవిని ఖాళీ చేసింది. హైరాన్ రోమ్ మిత్రుడిగా తన ఊరిని కొంతకాలం కాపాడుకున్నాడు. 212లో అదీ రోమ్ పరమైంది.

కార్తేజ్‌కి మాత్రం సిసిలీ లెక్క 241తో తీరలేదు. లిలిబేయం నుంచి ఆఫ్రికాకి తిరిగొచ్చిన ఇరవై వేల మంది కిరాయి సైనికులు బకాయి అడిగారు. ఖజానాలో డబ్బు లేదు, తగ్గించుకోమన్నారు. వాళ్లు తిరగబడి కార్తేజ్‌నే ముట్టడించారు. మూడేళ్లకి పైగా సాగిన ఆ తిరుగుబాటుని నడిపినవాళ్లలో ఒకడు మాథోస్ అనే లిబియన్. ఇంకొకడు స్పెండియస్, కంపానియా నుంచి పారిపోయి వచ్చిన బానిస. ఆ గందరగోళంలోనే రోమ్ సార్డీనియాని కూడా కలుపుకుని, పైన ఇంకో 1,200 టాలెంట్లు రాబట్టింది.